కొనివ్వకండి, కట్టనివ్వండి

ఉర్దూలో పైలట్‌ని హవాబాజ్ అంటారు. మాట చివర ఉన్న ఆ ‘బాజ్’ మన మొహల్లాలకు కొత్తది కాదు. కబూతర్లు పెంచి ఎగరేసేవాడు కబూతర్‌బాజ్. గాలిపటాలతో పేంచ్ వేసేవాడు పతంగ్‌బాజ్. మన దాదాలు, నానాలు ఈ రెండు షౌకుల మీద దుకాణాలు మూసుకున్నా, పొలాలు తాకట్టు పెట్టినా ‘నవాబీ తబియత్’ అని నవ్వుకుని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటాం. మూడో బాజ్ ఇంట్లో పుడితే మాత్రం ఆ నవ్వు రాదు. ఇంటర్ చదివే పిల్లాడు ‘నా గదిలో విమానం కాక్‌పిట్ కట్టుకుంటా, దానికి కంప్యూటర్ కావాలి’ అంటే ఇల్లంతా ఒక్కటై ‘ఫుజూల్’ అంటుంది.

పత్రికలో పనిచేసేవాడికి అన్నీ తెలుసనుకుంటారో ఏమో, ఈ మధ్య ఇలాంటి పంచాయితీలకు నన్ను పిలుస్తున్నారు. వాటిలో ఒకటి కర్నూలులో మా ఆపా ఇంట్లో జరిగింది. దాన్ని మొదటినుంచి చివరిదాకా చూశాను కాబట్టి దాని గురించే ఎక్కువ చెబుతాను. నా రాయ్ మాత్రం ముందే చెప్పేస్తా. ఆ షౌక్‌ని తిట్టకండి. అలాగని షాపుకెళ్లి తయారుగా ఉన్న డబ్బా కొనిచ్చేయకండి. కట్టుకోనివ్వండి. కొనిస్తే ఇంటికి ఒక ఆటవస్తువు వస్తుంది. కట్టనిస్తే ఇంట్లో ఒక కారీగర్ తయారవుతాడు. మన ఇళ్లలో ఎన్నాళ్లుగానో మాటల్లేకుండా ఉన్న ఇల్మ్, హునర్ ఒకే బల్ల దగ్గర కూర్చుంటాయి.

ఈ షౌక్ ఏమిటో తెలియని పెద్దల కోసం రెండు మాటలు. ఫ్లైట్ సిమ్యులేటర్ అంటే విమానం ఎగిరే తీరును లెక్కలుగా మార్చి కంప్యూటర్ తెర మీద నడిపే సాఫ్ట్‌వేర్. గాలి వేగం, బరువు, ఇంజన్ బలం, రెక్కల వంపు అన్నీ లెక్కలోకి వస్తాయి. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 1982 నుంచి ఉంది. దాని తాజా రూపం 2024 నవంబరులో వచ్చింది. ఎక్స్‌ప్లేన్ అని ఇంకొకటి ఉంది. ఫ్లైట్‌గేర్ అని పూర్తిగా ఉచితంగా దొరికేది మరొకటి. కీబోర్డుతో నడిపితే అది ఆటలాగే ఉంటుంది. దాని చుట్టూ సీటు, కంట్రోల్ స్టిక్, కాళ్ల దగ్గర రడ్డర్ పెడళ్లు, స్విచ్‌ల పలక పెట్టుకుంటే హోమ్ కాక్‌పిట్ అవుతుంది. ప్రపంచంలో చాలామంది గ్యారేజీల్లో, మేడమీద గదుల్లో ఇలా కట్టుకుంటున్నారు.

మా దుల్హాభాయ్‌ది మోటార్ వైండింగ్ దుకాణం. బోరు మోటార్లు, గ్రైండర్లు, కూలర్ మోటార్లు కాలిపోతే ఆయన దగ్గరికే వస్తాయి. మా భాంజా ఇంటర్ ఎంపీసీ. భాంజీ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్. భాంజా ఫోన్‌లో ఒక షాపువాళ్లు పంపిన ఫొటో చూపించాడు. గాజు తలుపుల కేసు, లోపల ఏడు రంగుల దీపాలు, ధర లక్షన్నర పైన, కింద ‘సులభ వాయిదాలు’ అన్న తోక. దుల్హాభాయ్ దాన్ని ఒకసారి చూసి, ‘యే ఖేల్ హై మియా, కామ్ నై’ అని ఫోన్ తిరిగిచ్చేశారు. వాడు ముఖం ముడుచుకుని లోపలికి పోయాడు.

‘ఖేల్’ అన్న మాటకు జవాబు తారీఖ్‌లో ఉంది. సిమ్యులేటర్ పుట్టింది పెద్ద విమాన కంపెనీలో కాదు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో బింగ్‌హామ్‌టన్ అనే ఊరుంది. అక్కడ ఎడ్విన్ లింక్ అనే యువకుడి తండ్రికి పియానోలు, ఆర్గన్లు తయారుచేసే కార్ఖానా ఉండేది. కొడుక్కి విమానం నేర్చుకోవాలని తపన. పాఠాల ఫీజు చూస్తే చాలా ఎక్కువ. దాంతో ఆర్గన్‌కి గాలి కొట్టే తోలు తిత్తులనే తీసుకుని, వాటి మీద ఒక చిన్న చెక్క విమానాన్ని నిలబెట్టాడు. స్టిక్ కదిపితే తిత్తుల్లో గాలి మారి అది నిజం విమానంలా వంగేది, లేచేది. 1929 నాటికి అది తయారైంది. మొదట్లో దాన్ని కొన్నది ఎక్కువగా వినోదాల పార్కులవాళ్లే. అంటే అప్పట్లో లోకం కూడా ‘యే ఖేల్ హై’ అనే అంది! 1934లో అమెరికా సైన్యం విమానాల్లో టపా మోయడం మొదలుపెట్టింది. మంచులో, చీకట్లో మీటర్లు చూసి నడపడం సరిగా రాని పైలట్లు వరసగా చనిపోయారు. అప్పుడు సైన్యం వచ్చి ఆరు యంత్రాలు కొంది. రెండో ప్రపంచయుద్ధం ముగిసేసరికి పదివేలకు పైగా తయారయ్యాయి.

ఈ కథలో నాకు ముఖ్యమైంది సైన్యం కాదు. కొడుకు కల తండ్రి కార్ఖానా సామానుతోనే నిజమైంది. తిత్తులు తండ్రివి, ఆలోచన కొడుకుది.

మన తారీఖ్‌లో ఇంకా వెనక్కి పోవచ్చు. తొమ్మిదో శతాబ్దంలో కుర్తుబాలో, అంటే ఇప్పటి స్పెయిన్‌లోని కార్డోబాలో, అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ ఉండేవాడు. రెక్కలు కట్టుకుని ఎగిరి, దిగేటప్పుడు దెబ్బ తిన్నాడని, పక్షి తోక మీద ఆనుకుని దిగుతుందన్న సంగతి పట్టించుకోలేదని చాలా కాలం తర్వాత మక్కరీ అనే చరిత్రకారుడు రాశాడు. ఇది జుమా బయానుల్లోనూ అప్పుడప్పుడు వింటుంటాం. అంతగా వినపడని సంగతి మరొకటుంది. ఆయన తన ఇంట్లోనే ఒక ఆస్మాన్ కట్టాడట. చూడవచ్చిన వాళ్లకు అందులో నక్షత్రాలు, మబ్బులు కనిపించేవి, మెరుపులు మెరిసేవి, ఉరుములు వినిపించేవి. గాజు తయారీ కూడా తెలిసిన మనిషి ఆయన. ఇంట్లో ఆకాశం కట్టుకోవాలన్న తమన్నా మనకు పరాయిది కాదని చెప్పడానికే ఇదంతా. పాత గొప్పలు చెప్పుకుని పడుకోవడానికి కాదు.

ఇక కంప్యూటర్ సంగతి. ఇక్కడే కొనడానికీ కట్టడానికీ తేడా తెలుస్తుంది. షాపువాడు అమ్మేది ‘గేమింగ్ పీసీ’. దానికి గ్రాఫిక్స్ కార్డు ఎంత ఖరీదైతే అంత గొప్ప. తుపాకుల ఆటల్లో అది చాలావరకు నిజమే. విమానం సిమ్యులేటర్ తబియత్ వేరు. ఎగిరే లెక్కలు, విమానం లోపలి వ్యవస్థలు, చుట్టూ తిరిగే మిగతా విమానాలు, ఈ బరువులో పెద్ద భాగం ప్రాసెసర్ మీదే పడుతుంది. అందులోనూ ఎక్కువ పని ఒకే దారంలో, ఒక కోర్ మీద నడుస్తుంది. ఎనిమిది కోర్లున్నా మిగతావి చాలాసేపు దాని కోసం ఎదురుచూస్తుంటాయి. షాదీలో ఎనిమిది మంది వడ్డించేవాళ్లున్నా దేగ్ దగ్గర గరిట పట్టేది ఒక్కడే అయినట్టు.

ఒక ఉదాహరణ చెబుతా. ఏఎండీ కంపెనీ రైజెన్ 7 5800ఎక్స్, 5800ఎక్స్3డీ రెండూ ఒకే తరం, రెంటికీ ఎనిమిది కోర్లు. రెండోదాని గరిష్ఠ వేగం మొదటిదానికన్నా కాస్త తక్కువ. అయినా సిమ్యులేటర్ రెండోదానిలోనే బాగా నడుస్తుంది. ఎందుకంటే దాని పొట్టలో ఎల్3 క్యాష్ 96 ఎంబీ, మొదటిదానిలో 32. క్యాష్ అంటే వంటవాడి చేతికి అందే మసాలా డబ్బా. డబ్బా పెద్దదైతే మాటిమాటికీ స్టోర్ రూముకు పరిగెత్తే పని తప్పుతుంది. ఈ ఒక్క సంగతి తెలిసిన పిల్లాడు రంగు దీపాల దగ్గర ఆగడు. మా భాంజా, భాంజీ పదిహేను రోజులు చదివి, కాగితం మీద లెక్కలు వేసి, అదే బాపతు పెద్ద క్యాష్ ప్రాసెసర్ మీద ఖర్చు పెట్టారు. గ్రాఫిక్స్ కార్డు మధ్యరకంది, సెకండ్‌హ్యాండ్ తీసుకున్నారు. కేసు మామూలు రేకు డబ్బా.

తెర విషయంలోనూ హిసాబే. దుల్హాభాయ్‌కి తెలిసినాయన ‘పాత 4కే టీవీ ఉంది, తీసుకుపోండి’ అన్నాడు. భాంజీ కూర్చుని గుణించింది. ఒక 4కే తెరలో దాదాపు 83 లక్షల పిక్సెళ్లు. మూడు మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్లు పక్కపక్కన పెట్టినా 62 లక్షలే. అంటే ఒక్క టీవీ మూడు మానిటర్లకన్నా ఎక్కువ బరువు. చివరికి ఒక మానిటర్‌తో మొదలుపెట్టారు. సిమ్యులేటర్‌లో సెకనుకు 30 చిత్రాలు ఆగకుండా వస్తే విమానం హాయిగా దింపొచ్చు. 120 కావాలన్నది వేరే ఆటల గొడవ. 30 అంటే ఒక్కో చిత్రానికి 33 మిల్లీసెకన్ల టైమ్ ఉన్నట్టు. ముఖ్యమైంది ఎక్కువ చిత్రాలు రావడం కాదు, ఒకే తూకంలో రావడం. రన్‌వే ముందు ఒక్క క్షణం తెర బిగుసుకుపోతే లాండింగ్ పోయినట్టే.

మైక్రోసాఫ్ట్ 2024 సిమ్యులేటర్‌కి 16 జీబీ మెమరీ కనీసం, 32 ఉంటే మంచిదని కంపెనీయే చెప్పింది. అది నేల బొమ్మను ఇంటర్నెట్‌లోంచి తెచ్చుకుంటూ నడుస్తుంది. సాయంత్రమయ్యేసరికి నెట్ నత్తలా నడిచే మొహల్లాల్లో దానితో కష్టం. ఎక్స్‌ప్లేన్ తన నేలను డిస్క్‌లోనే పెట్టుకుంటుంది, నెట్ పోయినా ఎగురుతుంది. ఫ్లైట్‌గేర్ పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. ఏది కావాలన్నది ఎవరి ఇంటి హాలాత్‌ని బట్టి వాళ్లే చూసుకోవాలి. షాపువాడికి మీ ఇంటి నెట్ సంగతి తెలియదు, మీ ఇంటి కరెంటు సంగతి అసలే తెలియదు.

కరెంటు అన్నాను కాబట్టి, ఈ మొత్తం కిస్సాలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం చెబుతా. విడిభాగాలు వచ్చాయి. పిల్లలిద్దరూ బిస్మిల్లా అని బోర్డులో ప్రాసెసర్ కూర్చోబెట్టి, కూలర్ బిగించి, వైర్లు కలిపారు. తెర వెలిగింది. ఇల్లంతా మాషాఅల్లా. కాసేపటికి భాంజీ కేసు మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసుకుంది. చేతికి చురుక్కుమంటోంది. టెస్టర్ పెడితే సన్నగా వెలుగుతోంది. పిల్లలు పవర్ సప్లై పాడైందనుకుని, తిప్పి పంపడానికి అట్టపెట్టె వెతకడం మొదలుపెట్టారు.

దుల్హాభాయ్ అప్పటిదాకా దూరంగా కూర్చుని చూస్తున్నారు. లేచి వచ్చి, దుకాణంలో వాడే మల్టీమీటర్ తెచ్చి, కేసుకీ ఎర్త్‌కీ మధ్య, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య చూశారు. ‘మిషన్ అచ్ఛా హై. ఘర్ ఖరాబ్ హై’ అన్నారు. గోడలో మూడు రంధ్రాల సాకెట్ ఉంది, మూడో రంధ్రంలో వైరే లేదు. కంప్యూటర్ పవర్ సప్లైలో కరెంటు గోలను వడగట్టే చిన్న కెపాసిటర్లుంటాయి. అవి కొద్దిపాటి కరెంటును కేసులోంచి ఎర్త్‌కి పంపుతాయి. ఎర్త్ లేకపోతే అది పోవడానికి దారి లేక కేసు మీదే కూర్చుంటుంది, తాకినవాడికి చురుక్కుమంటుంది. మర్నాడు ఆయన పెరట్లో గొయ్యి తవ్వించి, పైపు దించి, బొగ్గు, ఉప్పు పోసి, అక్కడినుంచి గదిదాకా కొత్త వైరు లాగారు. చురుకు పోయింది. ఇన్నేళ్లూ వాషింగ్ మెషిన్, ఫ్రిజ్ కూడా ఎర్త్ లేకుండానే నడిచాయని ఆ రోజు ఇంటికి తెలిసింది.

ఆ తర్వాత వాడు వాళ్ల అబ్బా దుకాణానికి వెళ్లే తీరు మారింది. అంతకుముందు టిఫిన్ డబ్బా ఇచ్చి, స్నేహితులెవరైనా చూస్తారేమో అన్నట్టు గబగబా వచ్చేసేవాడు. ఇప్పుడు కూర్చుంటున్నాడు. యూపీఎస్ కొనేటప్పుడు ‘600 వీఏ అని రాసుంది, చాలదా అబ్బా?’ అని అడిగాడు. దాని మీద రాసిన వీఏ వేరు, అది నిజంగా ఇచ్చే వాట్లు వేరని, అలాంటి దానిలో 360 వాట్ల దాకానే వస్తుందని, గ్రాఫిక్స్ కార్డు గట్టిగా పనిచేస్తే అది చాలదని ఆయన చెప్పారు. పవర్ ఫ్యాక్టర్ అని వాడు ఫిజిక్స్ పుస్తకంలో ఐదు మార్కుల కోసం చదివినది వాళ్ల అబ్బా రోజూ చేత్తో పట్టుకుంటున్నారని అప్పుడు అర్థమైంది.

నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే. తెలుగు నేల మీద ఏ ఊరికైనా వెళ్లండి. మెకానిక్ షెడ్డులో, వెల్డింగ్ దుకాణంలో, ఏసీ రిపేరు దగ్గర, సీట్ల కుట్టుపని దగ్గర, గడియారాల బల్ల దగ్గర మనవాళ్లు కనిపిస్తారు. ఆ చేతుల్లో ఉన్న హునర్ మన కౌమ్ ఆస్తి. కానీ మనమే పిల్లలకు ఏం చెబుతున్నాం? ‘చదువుకో, లేకపోతే నాలాగ గ్రీజులో బతకాలి’ అని. బెదిరింపుగా చెప్పే ఆ మాట పిల్లాడి మనసులో తండ్రి పనిని తక్కువ చేస్తుంది. చదువుకున్నవాడు స్క్రూడ్రైవర్ పట్టడు. స్క్రూడ్రైవర్ పట్టినవాడు చదవడు. ఇల్మ్ ఒక గదిలో, హునర్ ఒక గదిలో. ఈ రెండు గదుల మధ్య తలుపు మూసింది బయటివాళ్లు కాదు, మనమే.

హోమ్ కాక్‌పిట్‌కి ఈ రెండూ కావాలి. కంప్యూటర్ ఒక మూలే. ఇనప ఫ్రేముకి వెల్డర్ కావాలి. సీటు కోసం పాత కార్ల తుక్కు దుకాణానికి పోవాలి, దానికి కొత్త రెగ్జిన్ కుట్టే ఉస్తాద్ కావాలి. పలక ప్లైవుడ్‌తో కోయాలి. స్విచ్‌లు, తిప్పే గుబ్బలు ఆర్డినో అనే చిన్న బోర్డుకు తగిలించాలి. ఆర్డినో మెగా అనే రకానికి 54 డిజిటల్ పిన్నులుంటాయి. ఒక్కో స్విచ్ ఒక పిన్నుకి. మోబీఫ్లైట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ బోర్డునీ సిమ్యులేటర్‌నీ కలుపుతుంది. పలక మీద ల్యాండింగ్ గేర్ మీట కిందికి నొక్కితే తెరలో చక్రాలు దిగుతాయి, మూడు పచ్చదీపాలు వెలుగుతాయి. ఆ దీపాల సోల్డరింగ్ మా భాంజీ చేసింది. సన్నటి వైరుకు టిన్ను ఎలా పట్టించాలో వీధి చివర రేడియోలు బాగుచేసే చాచా నేర్పారు. అన్నీ ఒకేసారి తగిలిస్తే కొన్ని పరికరాలు మధ్యలో ఆగిపోయాయి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఒకటి 500 మిల్లీఆంపియర్లకు మించి ఇవ్వదని లెక్క తేల్చి, సొంత అడాప్టర్ ఉన్న హబ్ పెట్టారు. ఇవేవీ తయారు డబ్బాలో రావు.

ఇక ఎతరాజ్‌ల సంగతి. మూడు మాటలు న్యాయమైనవే, వాటికి జవాబు చెప్పాలి.

మొదటిది ఇస్రాఫ్. దుబారా మన దీన్‌కి నచ్చదు, అది నిజం. కానీ ఇస్రాఫ్ వస్తువులో ఉండదు, వాడకంలో ఉంటుంది. ఒక వలీమాలో ఎవరూ ముట్టని మూడో రకం మీఠా ఇస్రాఫ్. మంగ్నీకి వేసే లైటింగ్ ఇస్రాఫ్. ఐదేళ్లు చేతికి పని, బుర్రకు పాఠం ఇచ్చే యంత్రాన్ని ఒక్క ధర చూసి ఇస్రాఫ్ అనలేం. అలాగని అప్పు చేసి కొనమనడం లేదు. వాయిదాలకు ఏ ముద్దుపేరు పెట్టినా నా మాట సీదా: షౌక్ కోసం కిస్త్ కట్టొద్దు. సూద్ ఉన్నచోట బర్కత్ ఉండదని తెలిసినవాళ్లం. కట్టుకోవడంలో లాభమే అది. భాగాలు ఒక్కొక్కటిగా నెలలు తరబడి కొనొచ్చు. మా భాంజా ఈదీ డబ్బులు, ఎండాకాలం దుల్హాభాయ్ దుకాణంలో చేసిన పనికి వచ్చిన మజూరీ కలిపాడు. ఆపా తన చిట్టీ పాట డబ్బులో కొంత ఇచ్చింది. ప్రతి రసీదు ఒక నోటుబుక్కులో అతికించి ఉంది. తయారు డబ్బా ఇవన్నీ ఒకేసారి అడుగుతుంది.

రెండోది వక్త్. ఇషా తర్వాత కూర్చుంటే ఫజర్ దాకా లేవరని తల్లుల షికాయత్. అది విమానంతో వచ్చిన జబ్బు కాదు, ఫోన్‌తో ఇప్పటికే ఉంది. ఫోన్ దుప్పట్లో దాగుతుంది, కాక్‌పిట్ దాగదు. దీవాన్‌ఖానాలో పెట్టండి, మూసిన గదిలో కాదు. టైమ్ ముందే కట్టండి. ఒక సంగతి కూడా గమనించండి. చిన్న సెస్నా విమానాన్ని ఓర్వకల్లు రన్‌వే నుంచి లేపి, ఒక చుట్టు తిప్పి దింపడానికి పది నిమిషాలు చాలు. అది అయ్యాక ‘ఎంత ఎత్తులో తిరిగావు, ఎంత వేగంతో దిగావు, గాలి ఎటునుంచి వీచింది’ అని కాపీలో రాయించండి. రాయగలిగితే తాలీమ్. రాయలేకపోతే దుల్హాభాయ్ అన్న మాటే సహీ, ఖేల్.

మూడోది అన్నిటికన్నా బరువైనది, ఝూటీ ఉమ్మీద్. పిల్లాడికి లేనిపోని ఆశ పెడుతున్నామా? ఇక్కడ దాపరికం వద్దు. ఇంట్లో వెయ్యి గంటలు నడిపినా డీజీసీఏ లెక్కలో ఒక్క నిమిషం ఎక్కదు. కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కి కనీసం 200 గంటలు నిజం విమానంలో ఎగరాలి, 18 ఏళ్లు నిండాలి, క్లాస్ 1 మెడికల్ పాస్ కావాలి. కంటిచూపులో రంగుల తేడా దొరికితే అక్కడే ఆగిపోవచ్చు. ఖర్చు మామూలు ఇంటి కమాయికి అందేది కాదు. ఇది పిల్లలకు మొదటిరోజే చెప్పాలి. మేమూ చెప్పాం.

అలాగని దర్వాజా బంద్ అనుకోవద్దు. హైదరాబాద్ పాతబస్తీలో బేకరీ పనివాడి కూతురు సయ్యదా సల్వా ఫాతిమా పైలట్ అయ్యింది. సియాసత్ ఉర్దూ డైలీ సంపాదకులు జాహిద్ అలీ ఖాన్ చేయూత ఇచ్చారు, తర్వాత సర్కారు సాయమూ అందింది. ఒకరికి తెరిచిన తలుపు అందరికీ తెరుచుకుంటుందని కాదు. తలుపు దగ్గరిదాకా వెళ్లే పిల్లలు మన ఇళ్లలో ఉండాలి కదా అని. ఇక పైలట్ కాకపోయినా? విమానం చుట్టూ ఎన్ని పనులు! ఇంజన్లు చూసే మెయింటెనెన్స్ ఇంజనీర్లు, రేడియో, నావిగేషన్ పరికరాలు చూసే ఏవియానిక్స్‌వాళ్లు, సిమ్యులేటర్లనే బాగుచేసే టెక్నీషియన్లు. పైలట్ కలను కొనిచ్చిన డబ్బా మోయలేదు. కట్టిన చేతులు మాత్రం ఆ కల చెదిరినా ఖాళీగా ఉండవు.

సల్వా పేరు ఎత్తాను కాబట్టి ఇంకో మాట. మా ఆపా ఇంట్లో ఈ జిద్దు మొదలుపెట్టింది కొడుకు. లెక్కలు, సోల్డరింగ్, వైరింగ్ పట్టిక కూతురివి. కాక్‌పిట్ పూర్తయ్యాక చుట్టాలు వచ్చినప్పుడు సీట్లో కూర్చుని చూపించింది కొడుకు. చాయ్ తెచ్చింది కూతురు. ఎవరూ దురుద్దేశంతో చేయలేదు, రివాజ్ అలా నడిచిపోయింది అంతే. నేను ఆపాతో ఆ మాటే అన్నాను. ఆపా ఏమీ అనలేదు, ట్రే తను తీసుకుంది. భాంజీ వెళ్లి సీట్లో కూర్చుంది. పక్కనుంచి గాలి తోస్తుంటే రడ్డర్ నొక్కి, ముక్కు నిటారుగా పెట్టి దింపింది. వాళ్ల అన్నకన్నా మెత్తగా. ‘జహేజ్‌లో ఇది కూడా ఇస్తారా మామూ?’ అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆ పిల్ల షాదీ కోసం ఇంట్లో ఇప్పటినుంచే రూపాయి రూపాయి కూడబెడుతున్నారు, చదువు కోసం అలా కూడబెట్టిన పెట్టె వేరే లేదు. ఇది నా ఆపా ఒక్కదాని సంగతి కాదని మీకూ తెలుసు.

కాబట్టి మీ ఇంట్లో ఇలాంటి హవాబాజ్ ఎవరైనా ఉంటే నా మష్వరా ఇది. ముందు ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్ మీద ఫ్లైట్‌గేర్ వేయించండి. ఒక జాయ్‌స్టిక్ చాలు, సెకండ్‌హ్యాండ్ అయినా సరే. మూడు నెలలు చూడండి. షౌక్ చల్లారిపోతే అల్‌హమ్దులిల్లా, పోయింది కొద్ది డబ్బే. నిలబడితే ఒక నోటుబుక్కు ఇచ్చి, ఏ భాగం ఎందుకు, ఎంత, ఇంకొకటి ఎందుకు వద్దు అని రాయించండి. జవాబు రాయలేని భాగం కొననివ్వొద్దు. కొనేముందు గదిలో ఎర్త్ చూపించండి. మే నెల ఎండల్లో కిటికీ పక్కన పెట్టొద్దు. ఎంత మంచి ఫ్యాన్ అయినా గది వేడికన్నా చల్లగా చేయలేదు. కర్నూలులో గది వేడి 40 దాటితే యంత్రం అక్కడినుంచే లెక్క మొదలుపెడుతుంది. రెండు మూడు నెలలకోసారి దుమ్ము ఊదడం వాళ్ల పనే. అదే కంప్యూటర్ మీద తమ్ముళ్ల చదువు, అబ్బా దుకాణం బిల్లులు, అమ్మీ కోరిన తఫ్సీర్ కూడా నడవాలి.

అన్నిటికన్నా ముఖ్యంగా, మొహల్లాలో వెల్డర్ దగ్గరికి, మెకానిక్ దగ్గరికి పిల్లల్ని మీరే తీసుకెళ్లి ‘ఉస్తాద్, వీడికి నేర్పండి’ అనండి. మీరే ఆ మెకానిక్ అయితే, ఈ ఆదివారం దుకాణంలో ఇంకో స్టూల్ వేయండి. మీ కూతురికి కూడా ఒకటి.